నాచెజ్‌లో పాత ఇటుక ఇల్లు: శైలి ఏది, వయసెంత, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లరేగడి అడిగారు:

మిసిసిపి రాష్ట్రం నాచెజ్ పాతబస్తీలో ఒకటిన్నర అంతస్తుల ఇటుక ఇల్లు అమ్మకానికి ఉంది. ప్రకటనలో "1838, గ్రీక్ రివైవల్" (పాత గ్రీకు గుళ్లను అనుకరించిన శైలి) అని రాశారు. చూసినంతలో తేలినవి ఇవి:

ముందు వసారాకి నాలుగు చదరపు చెక్క స్తంభాలు. వీధి గుమ్మం మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం, గుమ్మానికి అటూ ఇటూ సన్నటి నిలువు అద్దాలు. ముందు కిటికీల్లో పై రెక్కకి ఆరు, కింది రెక్కకి ఆరు గాజు పలకలు. వెనక వైపు మాత్రం పైన తొమ్మిది, కింద ఆరు. లోపల నట్టనడుమ నడవా, అటు రెండు గదులు, ఇటు రెండు.

ఇటుకల మధ్య దర్జులు చాలాచోట్ల బూడిదరంగు సిమెంటుతో నింపి ఉన్నాయి. సరిగ్గా అక్కడే ఇటుకల మొహాలు పెచ్చులుగా ఊడుతున్నాయి. నేలకి రెండడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పూత. ఒక కాంట్రాక్టరు ఇచ్చిన అంచనాలో మూడు పనులున్నాయి: ఊడిన దర్జులకు మళ్లీ సిమెంటు, గోడంతా వాటర్‌ప్రూఫ్ సీలర్, కిటికీలన్నీ తీసి వినైల్ (ప్లాస్టిక్)వి పెట్టడం.

ఇది నిజంగా గ్రీక్ రివైవలేనా? ఆ అంచనాలో దేనికి ఒప్పుకోవచ్చు, దేనికి కూడదు?

---

పాతదస్తావేజు:

స్తంభాలు చూసి శైలి చెప్పకండి. నాచెజ్‌లో అందరూ పడే పొరపాటు అదే. వసారా అన్నది ఇంటికి తొడిగిన చొక్కా లాంటిది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ముందు గుమ్మం చూడండి, తర్వాత కిటికీలు, ఆ తర్వాత అటక.

మీరు చెప్పిన విసనకర్ర అద్దం ఫెడరల్ శైలి గుర్తు. అక్కడ సుమారు 1800 నుంచి 1830ల దాకా నడిచిన పద్ధతి. దీన్ని కళ్లారా చూడాలంటే నాచెజ్‌లోనే ఉన్న రోసలీ భవనానికి వెళ్లండి, 1823 నాటిది. అక్కడే ఒక చిక్కు కూడా కనిపిస్తుంది: రోసలీకీ ముందు పెద్ద పెద్ద స్తంభాలున్నాయి, అయినా అది ఫెడరలే. అంతకు ముందుదైన ఆబర్న్ 1812లో లెవై వీక్స్ కట్టినది. స్తంభాల కొలతలు శాస్త్రం ప్రకారం లెక్కగట్టి ఆ ప్రాంతంలో కట్టిన ఇళ్లలో అది తొలి వరుసలోది. దాని పక్క రెక్కలు తర్వాత కలిపినవి.

అసలు గ్రీక్ రివైవల్ గుమ్మంలో వంపు ఉండదు. పైన అడ్డంగా దీర్ఘచతురస్రపు అద్దం, పక్కన నిలువు అద్దాలు, అంతా గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. గుమ్మం చట్రం పై మూలలు చెవుల్లా కాస్త బయటికి పొడుచుకొస్తాయి. స్తంభాల మీద అడ్డదూలం వెడల్పుగా, బరువుగా కనిపిస్తుంది. 1840లలో కట్టిన మెల్‌రోజ్, 1857లో పూర్తయిన స్టాంటన్ హాల్, చుట్టూ 26 స్తంభాలు తిప్పిన డన్లీత్ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కంటికి లెక్క అందుతుంది. ఆ మూడూ చూశాక మీ గుమ్మం ముందు నిలబడండి, తేడా మీకే తెలుస్తుంది.

మెల్‌రోజ్ భోజనాల గదిలో బల్ల మీద ఒక పెద్ద చెక్క పంకా వేలాడుతుంది. మన దొరల బంగళాల్లో తాడు కట్టి లాగించిన పంకాయే, పేరుతో సహా అక్కడికి చేరింది. ఇక్కడ పంకా కూలీ లాగాడు, అక్కడ బానిస. ఆ ఊళ్లో ఏ ఇంటి ఇటుక చూసినా దాన్ని ఎవరి చేతులు చేశాయో మరచిపోకూడదు. దానికి ఇంకో కోణం కూడా ఉంది, విలియం జాన్సన్ ఇల్లు చూడండి. స్వేచ్ఛ పొందిన నల్లజాతి మంగలి, తనూ బానిసల్ని ఉంచుకున్నవాడు. కింద దుకాణం, పైన కాపురం. 1840 మే 7న వచ్చిన టోర్నడోలో కూలిన కట్టడాల ఇటుకలతో కట్టుకున్నాడు.

ఈ టోర్నడో సంగతి మీకూ పనికొస్తుంది. ఊరి నడిబొడ్డున "1838" అని చెప్పే ఏ ఇంటికైనా 1840 తర్వాతి మరమ్మతు జాడలు వెతకాలి. మీ ముందు కిటికీల్లో ఆరు పలకలు, వెనక తొమ్మిది ఉన్నాయంటే వీధి వైపు కిటికీలు తర్వాత మార్చినవి కావచ్చు. జనం కొత్త మోజు ముందువైపు ఖర్చుపెట్టి, వెనకవైపు పాతది ఉంచేసేవారు. అందుకే వెనకగోడే నిజం చెబుతుంది.

అటకలోకి ఎక్కి మూడు చూడండి:

మేకులు. చేత్తో సాగగొట్టినవైతే నాలుగు వైపులా సన్నబడి, తల మీద సుత్తిదెబ్బల పలకలు కనిపిస్తాయి. యంత్రంతో కోసినవి రెండు వైపులే సన్నబడతాయి, ఇవి 19వ శతాబ్దం అంతటా వాడారు. గుండ్రటి తీగ మేకులైతే 1890 తర్వాతి పని.

రంపం గీతలు. నిలువు గీతలు ఎడంగా, తీరు లేకుండా ఉంటే చేతిరంపం. నిలువుగానే సమానంగా ఉంటే నీటి లేదా ఆవిరి మిల్లు. విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం, అది 1840ల నుంచి పెరిగింది.

గిలాబు వెనక బద్దలు. ఒక పలుచటి చెక్కని అక్కడక్కడ చీల్చి అకార్డియన్‌లా సాగదీసి కొట్టి ఉంటే పాతది. విడివిడిగా కోసిన బద్దలైతే తర్వాతిది.

ఒక్క మేకు చూసి తీర్పు ఇవ్వొద్దు, మేకులు మార్చుకుంటారు. దూలం, మేకు, రంపం గీత మూడూ ఒకే మాట చెబితే నమ్మండి. కాగితాలు నాచెజ్ ఉన్న ఆడమ్స్ కౌంటీలో భూమి రికార్డులు ఉంచే ఛాన్సరీ క్లర్క్ దగ్గర ఉంటాయి, కానీ దస్తావేజు భూమి చేతులు మారిన తేదీ చెబుతుంది, ఇల్లు కట్టిన తేదీ కాదు. ఒకేసారి ధర నాలుగైదు రెట్లు పెరిగిన చోట వేలు పెట్టండి. సాన్‌బోర్న్ అగ్నిబీమా పటాల్లో ఇటుక గులాబీరంగు, చెక్క పసుపు. వసారా ఏ పటంలో మొదట కనిపించిందో అక్కడ తెలిసిపోతుంది.

---

తాపీపని:

శైలి సంగతి పైవారు చెప్పారు. నేను గోడ గురించి చెబుతా, ఎందుకంటే ఆ అంచనా ఒప్పుకుంటే శైలి చెప్పుకోడానికి గోడ మిగలదు.

ఆ కాలపు ఇటుక పెద్ద బట్టీలో సమంగా కాలినది కాదు. పై చర్మం గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. సున్నం దర్జు దానికంటే మెత్తన. గోడలోకి వెళ్లిన తడి, దానితోపాటు ఉప్పు, సున్నం దారినే బయటికి వస్తాయి. దర్జు అరిగిపోతుంది, ఇటుక బతుకుతుంది. అరిగిన దర్జు మళ్లీ నింపుకుంటాం. పోర్ట్‌లాండ్ సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇటుకలోంచే రావాలి. ఉప్పు ఇటుక మొహం వెనకే గడ్డకట్టి చర్మాన్ని తోసేస్తుంది. మీరు చూసిన పెచ్చులు అవే. ఎండకి ఇటుక సాగినప్పుడు గట్టి దర్జు అంచుల్ని కొరికేస్తుంది కూడా.

సీలర్ దీన్ని ఇంకా పాడు చేస్తుంది. తడి కింద నేలలోంచి, పైన కప్పు చిల్లుల్లోంచి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం మూసేసినట్టవుతుంది. ఇసుక తుపాకీతో గోడ కడిగించడమూ వద్దు. కాలిన చర్మం ఒకసారి పోతే తిరిగి రాదు.

చేయాల్సిన క్రమం ఇది. తడి ఆపకుండా దర్జు ముట్టుకోవద్దు. గట్టర్లు, డౌన్‌పైపులు, గోడ దగ్గర నేల వాలు ముందు సరిచేసి, గోడని కొన్ని నెలలు ఆరనివ్వండి. తర్వాత ఎండావానా తగలని చోట, వసారా చూరు కింద, పాత దర్జు ముద్ద ఒకటి తీసి పొడి చేయండి. మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్‌ని నీళ్లలో కలిపి (నీళ్లలోకి యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లోకి నీళ్లు కాదు) అందులో వేయండి. సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది. అడుగున మిగిలేది ఆనాటి ఇసుక. దాని రంగు, గింజల సైజు చూసి కొత్త ఇసుక వెతకండి. రంగులు కలిపేకంటే ఇసుక కలిసేలా చూసుకోవడమే నయం.

సిమెంటు తీయడం అసలు కష్టం. అడ్డ దర్జు నడుమ సన్నటి డైమండ్ బ్లేడుతో ఒక గీత కోసి, మిగతాది ఉలితో లోపలికి విరగ్గొట్టాలి. నిలువు దర్జుల్లో గ్రైండరు పెట్టొద్దు, పై కింది ఇటుకల అంచులు పోతాయి. సిమెంటు తీస్తుంటే ఇటుక ముక్కలు ఊడివస్తే అక్కడ ఆగిపోండి. కొన్నేళ్లకి అదే వదులవుతుంది, అప్పుడు తీయొచ్చు. లోతు దర్జు వెడల్పుకి రెండు నుంచి రెండున్నర రెట్లు: మూడెనిమిదో వంతు ఇంచి దర్జు అయితే ఒక ఇంచి లోతు.

కలపడం: సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో బిగుసుకునే రకం) 2 లేదా 3.5 నంబరు ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. మేస్త్రీలు టైప్ ఎన్ అంటారు, అందులో సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు. మీ ఇటుకకి అది ఎక్కువ గట్టి. టైప్ ఓ, అంటే 1:2:9, కొంచెం నయం, కానీ 1830ల మెత్తటి ఇటుకకి సిమెంటు లేకుండా కలపడమే మేలు. 100 చదరపు అడుగుల గోడకి ఒక ఇంచి లోతున సుమారు ఒకటిన్నర ఘనపుటడుగుల మిశ్రమం పడుతుంది, వృథా కలిపి రెండు లెక్కేయండి.

దర్జు తడిపి, పావు ఇంచి పొరలుగా నొక్కుతూ నింపాలి. వేలు నొక్కితే ముద్ర పడి, వేలికి అంటుకోనప్పుడు పై పొర. ఒకేసారి ఇంచి నింపితే కుంచించుకుని చీలుతుంది. అయ్యాక గోనెపట్టా తడిపి వారం కప్పి ఉంచండి. 40 డిగ్రీల ఫారన్‌హీట్ కింద, 95 పైన పని వద్దు. అక్కడ మార్చి నుంచి మే వరకు, మళ్లీ అక్టోబరు, నవంబరు. ఎండాకాలంలో చేయాల్సి వస్తే గోడ నీడలో ఉన్నప్పుడే.

---

హ్యూస్టన్‌మిద్దె:

అంత శ్రమ అవసరమా అండీ? కిటికీలు వినైల్‌వి పెట్టుకుంటే ఏసీ బిల్లు తగ్గుతుంది, రంగు వేసే బాధ ఉండదు. ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు.

---

కిటికీబద్ద:

ఆ ఇరవై ఏళ్ల తర్వాత ఏం చేస్తారు? డబుల్ గాజు మధ్య సీలు పోతే పొగచూరినట్టవుతుంది, మొత్తం రెక్క పారేయాలి. మీ వెనక కిటికీల చెక్క చాలావరకు ముదురు సైప్రస్ అయి ఉంటుంది. అంత దట్టమైన చెక్క ఇప్పుడు మార్కెట్లో దొరకడం కష్టం. ముక్కలు ముక్కలుగా బాగుచేసుకునేలా ఆనాడే కట్టారు. పైగా పాతబస్తీలో వీధికి కనిపించే కిటికీ మార్చాలంటే ముందు నగర సంరక్షణ కమిషన్ అనుమతి కావాలి. వినైల్‌కి ఒప్పుకుంటారని లెక్క వేసుకోకండి.

తీసే వరస: లోపలి బద్ద, కింది రెక్క, మధ్య సన్న బద్ద, చివరికి పై రెక్క. మధ్య బద్ద విరుగుతుందనుకునే మొదలుపెట్టండి, కొత్తది చవక. రెక్క పక్క పెట్టెలో ఇనుప బరువులు తాడుకి వేలాడుతుంటాయి. తాళ్లు తెగితే అల్లిన కాటన్ తాడు వేయండి, నైలాన్ సాగుతుంది. పై రెక్క పైకే నిలవాలి కాబట్టి దానికి బరువు కాస్త ఎక్కువ, కింది రెక్క కిందికి దిగాలి కాబట్టి కాస్త తక్కువ. కొత్త గాజు మందంగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది, రెక్కని తూకం వేసి చూడండి.

పాత లప్పం చెక్కుకుంటూ పోతే గాజు పగులుతుంది. ఆవిరితో మెత్తబరిచి తీయండి. అలలు అలలుగా కనిపించే పాత గాజు వదులుకోవద్దు. చెక్కకి ఆయిల్ ప్రైమరు, గాజు కింద పలుచగా లప్పం, గాజు, చిన్న లోహపు ముక్కలతో బిగింపు, పైన ఏటవాలు లప్పం. పైన పొర కట్టడానికి వారం రెండు వారాలు ఆగి రంగు వేయండి. రంగు లప్పం దాటి గాజు మీదికి పదహారో వంతు ఇంచి రావాలి. ఈ చిన్న గీత వేయకపోవడం వల్లే సగం కిటికీలు మళ్లీ కుళ్లుతాయి.

1978కి ముందు రంగుల్లో సీసం ఉంటుందనే లెక్కతో పని చేయండి. గరుకు కాగితంతో పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం రెండూ వద్దు. కూలికి మనుషుల్ని పెడితే సీసం పనికి సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పెట్టాలి. ఏసీ బిల్లు కోసమైతే లోపలి వైపు ఊడదీసే రెండో అద్దం, అటకలో ఇన్సులేషన్. ఇటుక గోడకి లోపల ఫోమ్ కొట్టొద్దు, తాపీపని గారు చెప్పిన తడి గొడవే మళ్లీ మొదలవుతుంది.

ముందు గదుల్లో నేలదాకా దిగిన కిటికీ ఉంటే కింద చెక్క పలక కదిపి చూడండి. రెక్క పైకి ఎత్తితే ఆ పలకలు చిన్న తలుపుల్లా తెరుచుకునే రకం నాచెజ్‌లో ఉంది. చాలాచోట్ల రంగులు పూసీ పూసీ అతుక్కుపోయి గోడలా కనిపిస్తాయి.

---

నల్లరేగడి:

అటక చూశాం. దూలాలకి నిలువు రంపం గీతలు, కోసిన మేకులు, సాగదీసిన బద్దల గిలాబు. కానీ వసారా కప్పు లోపల విల్లు గీతలు, తీగ మేకులు. స్తంభాలు లోపల డొల్ల.

ఇంకో ప్రశ్న, తాపీపని గారికి. మన దగ్గర గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలుపుతారు కదా, ఇక్కడా కలపొచ్చా?

---

తాపీపని:

వద్దండి. తీపి సున్నం బిగుసుకునే వేళని వెనక్కి లాగుతుంది, హైడ్రాలిక్ సున్నంలో మరీనూ. మన కోటల్లో ఆ పాళ్లు చేయి తిరిగిన మేస్త్రి చూసుకునేవాడు. మీ గోడలో ఉన్నది సున్నం, ఇసుక. గోడలో ఉన్నదే గోడకి పెట్టండి. లోపల గిలాబు అతుకులకి మాత్రం మేకవెంట్రుకలు కలుపుకోవచ్చు, పాత గిలాబులో పశువుల వెంట్రుకలు కనిపిస్తాయి చూడండి.

---

గట్టుమట్టి:

ఎవరూ నేల మాట ఎత్తలేదు. నాచెజ్ కూర్చున్నది నది పక్క ఎత్తైన గట్టు మీద, గాలి మోసుకొచ్చి పోసిన లోయస్ మట్టి. పొడిగా ఉన్నంతసేపు నిటారుగా కోసినా గోడలా నిలబడుతుంది, నీళ్లు చేరితే ముద్దముద్దగా జారిపోతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక ఇంచి వాన పడితే 620 గాలన్లకి పైగా నీళ్లు. అదంతా డౌన్‌పైపు మూలలో వదిలితే పునాది కింద మట్టి ఖాళీ అవుతుంది. గోడకి కనీసం పదడుగుల దూరం గొట్టంతో పంపండి, గట్టు అంచు వైపు మాత్రం కాదు. మూలల్లో మెట్లు మెట్లుగా దర్జుల వెంట పగులు కనిపిస్తే దర్జు నింపే ముందు ఆ మూల డౌన్‌పైపు చూడండి. పగులు మీద పెన్సిల్ గీత గీసి తేదీ వేసి ఆరునెలలు గమనించండి. కదులుతుంటే ఇంజినీరు, లేకపోతే మేస్త్రి.

ఇల్లు కొనేముందు చెదల తనిఖీ తప్పదు. ఫార్మోసన్ చెదలు కప్పు కారుతున్న చోట నేలతో సంబంధం లేకుండా గోడ లోపలే గూడు కడతాయి, కాబట్టి కింద మట్టి గొట్టాలు లేవని ధీమా పడొద్దు. దూలం గోడలోకి దూరే చివర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, చాలాసార్లు పైకి బాగుండి అక్కడే గుల్లై ఉంటుంది.

డబ్బు సంగతి: కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) పన్ను రాయితీ 20 శాతం, కానీ ఆదాయం తెచ్చే కట్టడాలకే, అద్దెకో బసకో ఇస్తేనే. సొంతంగా ఉంటే రాష్ట్రం ఇచ్చే 25 శాతం వైపు చూడండి. రెండింటికీ పని మొదలుపెట్టకముందే, ఫొటోలతో సహా, దరఖాస్తు పంపడం క్షేమం. సిమెంటు కొట్టేశాకో కిటికీ తీసేశాకో పంపితే రాయితీ చేజారవచ్చు.

---

పాతదస్తావేజు:

అటక వివరాలతో లెక్క దాదాపు తేలింది. ఇల్లు ఫెడరల్, 1820లు, 30లలోది కావచ్చు, కాబట్టి 1838 మరీ తప్పు కాకపోవచ్చు. వసారా 1890 తర్వాతిది, కలోనియల్ రివైవల్ (పాత అమెరికన్ ఇళ్లను అనుకరించిన శైలి) కాలంలో "పాతకాలపు దక్షిణాది ఇల్లు" అనిపించడానికి తగిలించినది. అమ్మేవాళ్లు గ్రీక్ అన్నది ఆ వసారాని చూసే.

ఇంకొక్కటి చూడండి. వసారా కప్పు కింద ఇటుక గోడలో పాత దూలాల గూళ్లు పూడ్చిన గుర్తులుంటే అంతకు ముందు ఇంకో వసారా ఉండేది, ఇది దాని చోట కట్టింది. గూళ్లు లేకపోతే మొదట ముందు గోడ బోసిగానే ఉంది. ఆ గోడ మీద వాన తగలని చోట రంగు పొరల గీతలు, గిలాబు అంచులు వెతకండి, పాత వసారా ఎత్తు తెలుస్తుంది.

"నకిలీ" అని చెప్పి దాన్ని పీకేయకండి. వందేళ్లు దాటిన చేర్పు కూడా ఆ ఇంటి చరిత్రే. సంరక్షణ ప్రమాణాలు కూడా తమంతట తాము ప్రాముఖ్యం సంపాదించుకున్న మార్పులను ఉంచమనే అంటాయి. డొల్ల స్తంభాల అడుగున, పైన గాలి ఆడే చిల్లులు మూసుకుపోయాయేమో చూసి తెరవండి. లేకపోతే అవి లోపల్నుంచి కుళ్లుతాయి.